ఏ పెట్టె బాగా పాడుతుంది?

రండర్రా, ఆ చాప ఇటు లాక్కుని కూర్చోండి. అమ్మలూ, నువ్వా స్తంభానికి ఆనుకో. పొద్దున్నించీ మీ గొడవ వింటూనే ఉన్నాను. నా స్పీకర్ మంచిదంటే నా స్పీకర్ మంచిదని ఇల్లు పీకి పందిరేస్తున్నారు. ఈ తగాదా మీతో మొదలైంది కాదు. వందేళ్ల నించీ నడుస్తోంది. కాకలు తీరిన ఇంజనీర్లు కూడా ఇందులో మాటామాటా అనుకున్నవాళ్లే. ఒక తగాదా అయితే అమెరికా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఆ కథ చెబుతాలే. ముందు మీరు పొద్దున చేసిన పోటీలో ఒక మెలిక ఉంది, అది చూద్దాం.

పెద్దోడి స్పీకర్ కాస్త గట్టిగా మోగింది, చిన్నోడిది కాస్త మెల్లగా. విన్నవాళ్లంతా పెద్దోడిదే బాగుందన్నారు. చెవి దెబ్బతిన్నది అక్కడే. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనుషుల్ని కూర్చోబెట్టి రకరకాల శబ్దాలు వినిపించి ఒక లెక్క తేల్చారు. మన చెవి అన్ని శ్రుతుల్నీ ఒకే తూకంతో వినదు. సౌండు తగ్గించేకొద్దీ అన్నిటికన్నా ముందు మంద్రపు శబ్దాలు చెవికి అందకుండా పోతాయి. రాత్రి మీ అమ్మ పాట తగ్గించమన్నప్పుడు గమనించండి. పాడే గొంతు వినిపిస్తూనే ఉంటుంది, వెనకాల మృదంగం ఎడమ మూత మాత్రం ఎటో జారిపోతుంది. ఇదే తిరగేసి చూడండి. ఒక స్పీకర్ రవ్వంత గట్టిగా మోగితే దానికి బేస్ నిండుగా ఉన్నట్టు, పాటకి ప్రాణం ఎక్కువున్నట్టు తోస్తుంది. ఒకటి రెండు డెసిబెల్స్ తేడా ఉంటే మనకి 'ఇది గట్టిగా ఉంది' అనిపించదు. 'ఇది బాగుంది' అనిపిస్తుంది. అందుకని రెండు స్పీకర్లని పోల్చే ముందు సౌండు సమానం చెయ్యాలి. అది చెయ్యని పోటీని నేను లెక్కలోకి తీసుకోను.

సరే, అసలు స్పీకర్ అంటే ఏమిటి? కాగితంతో చేసిన ఒక శంకువు. కోన్ అంటారు. దాని మెడకి సన్నటి రాగితీగ చుట్ట, ఆ చుట్ట చుట్టూ అయస్కాంతం. తీగలోకి పాట కరెంటు రూపంలో వస్తుంది. కరెంటు ఎటు మారితే చుట్ట అటు కదులుతుంది, దాంతోపాటు కాగితం ఊగుతుంది, కాగితం ముందున్న గాలి ఊగుతుంది, ఆ ఊపు వచ్చి మీ చెవిలో పొరని ఊపుతుంది. అంతే సంగతి. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు ఈ పద్ధతిని ఒక కొలిక్కి తెచ్చారు. మీ ఫోన్లో ఉన్న గోరంత స్పీకర్ కూడా దాని వంశంలోదే.

అంత తేలికైతే గొడవెందుకు మరి? అల పొడవు దగ్గర వస్తుంది చిక్కు. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. సెకనుకి 20 సార్లు ఊగే శబ్దం తీసుకోండి, అది మనిషికి వినిపించే అట్టడుగు. దాని అల 17 మీటర్లు పొడుగు, అంటే ఈ అరుగు మీంచి ఎదురింటి పెరడు దాకా. సెకనుకి 20,000 సార్లు ఊగే శబ్దం పైకొస. దాని అల 17 మిల్లీమీటర్లు. అమ్మలూ, నీ బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది, అంతే. పాటలో ఈ రెండూ ఒకేసారి ఉంటాయి. పెద్ద అల పుట్టించాలంటే బోలెడు గాలిని తొయ్యాలి, దానికి వెడల్పాటి కోన్ కావాలి. చిన్న అలకి తేలికైన, బుల్లి పొర కావాలి. అందుకే పెట్టెలో కింద పెద్ద వూఫర్, పైన చిన్న ట్వీటర్. ఒకటి ఆపిన చోట రెండోది అందుకోవాలి. ఆ అతుకు వినిపించకుండా కలపడమే సగం విద్య.

పెట్టె ఎందుకంటారా? కోన్ ముందుకి వచ్చినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకున్న గాలి పల్చబడుతుంది. పెట్టె లేకపోతే ముందు గాలి చుట్టూ తిరిగి వెనక్కి పోయి ఆ లోటు పూడ్చేస్తుంది. బేస్ అంతా అక్కడికక్కడే చెల్లుకు చెల్లయిపోతుంది. పాత రేడియో లోంచి స్పీకర్ ఊడదీసి చేత్తో పట్టుకుని వినండి, కీచుగా ఉంటుంది. దాన్నే అట్టపెట్టెకి బొక్క పెట్టి బిగించండి, ఒక్కసారిగా గొంతుకి గుండె వస్తుంది.

ఈ పెట్టె గురించి ఒక పెద్ద నియమం ఉంది. అది చెప్పినాయన ఆంటన్ హాఫ్‌మన్. యోసెఫ్ హాఫ్‌మన్ అని పేరుమోసిన పియానో విద్వాంసుడుండేవాడు, ఆయన కొడుకు. నియమం ఏమిటంటే, స్పీకర్‌లో మనం మూడు కోరుకుంటాం: బేస్ లోతుగా రావాలి, పెట్టె చిన్నగా ఉండాలి, కొద్దిపాటి కరెంటుకే గట్టిగా మోగాలి. మూడింట్లో రెండే ఇస్తుంది ప్రకృతి. మూడోది వదులుకోవాల్సిందే. ఎంత డబ్బు పోసినా ఇది మారదు. నాకు చాలా ఇష్టమైన నియమం ఇది. ఎందుకంటే, పాతకాలంలో పేరు తెచ్చుకున్న ఏ స్పీకర్‌ని పట్టుకున్నా, దాన్ని తయారుచేసినాయన ఏది వదులుకున్నాడో చూస్తే చాలు, ఆయన మనసు తెలిసిపోతుంది.

పాల్ క్లిప్ష్ సంగతి చూడండి. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో హోప్ అని ఒక చిన్న ఊరు. యుద్ధకాలంలో సైన్యం ఉద్యోగం మీద అక్కడికి వచ్చి, ఆ ఊళ్లోనే ఉండిపోయి 1946లో స్పీకర్ల కంపెనీ పెట్టాడు. అంతకు ముందు చిలీ దేశంలో గనుల రైలింజన్లు బాగుచేసినవాడు. ఆయన చిన్నపెట్టె కోరిక వదిలేశాడు. ఆయన చేసిన క్లిప్ష్‌హార్న్ స్పీకర్ దాదాపు బీరువా అంత ఉంటుంది. అందులో ఉన్నది మనకి తెలిసిన సూత్రమే. మన పెళ్లిళ్లకి చెట్టుకొమ్మకి కట్టే మైకు సెట్టు హారన్ చూశారుగా, మొదట్లో సన్నగా ఉండి చివర వెడల్పవుతుంది. దూరంగా ఉన్నవాణ్ణి పిలవాలంటే మీరు రెండు చేతులూ నోటి చుట్టూ ఎలా పెడతారు? అదీ ఇదీ ఒకటే. చిన్న పొర తన బలాన్ని నేరుగా అంత బయలు గాలికి అప్పగించలేదు. హారన్ ఆ బలాన్ని మెల్లమెల్లగా వెడల్పు చేసి అందిస్తుంది. కీచు శబ్దాలకైతే జానెడు హారన్ చాలు. బేస్‌కి కావాలంటే అది మీటర్ల పొడుగుండాలి, మూతి గది గుమ్మం కన్నా పెద్దదవ్వాలి. క్లిప్ష్ ఏం చేశాడంటే, ఆ పొడుగంతా పెట్టెలోపలే మడతలు పెట్టేశాడు. మిగిలిన ఆఖరి భాగానికి ఇంటి గోడల్నే వాడుకున్నాడు. పెట్టెని గది మూలకి ఆనిస్తే ఆ రెండు గోడలూ, కింద నేలా కలిసి హారన్ మూతి అవుతాయి! ఎంత అందమైన ఊహో చూడండి. ఇంటినే వాయిద్యంలో భాగం చేశాడు.

అలా చెయ్యడంవల్ల వచ్చిన లాభం చిన్నది కాదు. ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 104 డెసిబెల్స్ దాకా మోగుతుంది. మామూలు ఇంటి స్పీకర్లు అదే వాటుకి 85, 90 మధ్య ఉంటాయి. డెసిబెల్స్‌లో ప్రతి 10కీ వాట్లు పది రెట్లు పెరగాలని గుర్తుపెట్టుకోండి. అందుకే డోలు దెబ్బ దీంట్లో దెబ్బలాగే తగులుతుంది. ఆయాసపడదు. లోపం లేదా అంటే ఉంది. హారన్‌కి తనదంటూ ఒక గొంతుంటుంది, మనిషి మాటకి కాస్త ముక్కుస్వరం అంటిస్తుంది. గదిలో సరైన మూలలు లేకపోతే సగం విద్య అక్కడే పోతుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టినాయన ఎడ్గర్ విల్చర్. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో, తన శిష్యుడు హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో అకౌస్టిక్ రీసెర్చ్ అని కంపెనీ పెట్టాడు. పొట్టిగా ఏ.ఆర్. అంటారు. చిన్నోడూ, సైకిల్ పంపు పట్రా. దాని మూతికి వేలు గట్టిగా అడ్డం పెట్టి పిడి కిందికి నొక్కు. చూశావా, లోపల గాలి ఎలా ఎదురు తంతోందో! వదిలితే పిడి తనే పైకొచ్చింది. విల్చర్ చేసింది ఇదే. అప్పటిదాకా కోన్‌ని వెనక్కి లాగి నిలబెట్టడానికి దాని అంచులు బిరుసుగా కట్టేవారు. ఆ బిరుసు అన్నివైపులా ఒకేలా లాగదు, కోన్ ఎక్కువ ఊగితే స్వరం చెడుతుంది. ఆయన అంచుల్ని వదులుగా చేసేసి, పెట్టెని గాలి పోకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడాడు. గాలి మెత్తగా, సమంగా నెడుతుంది. దాంతో రెండడుగుల పెట్టెలోంచి, అంతకు ముందు బీరువాలు ఇచ్చే బేస్ వచ్చింది. పైగా శుభ్రంగా వచ్చింది. వదులుకున్నది ఏమిటంటే, కొద్ది కరెంటుకి మోగడం. దీనికి బలమైన యాంప్లిఫయర్ ఉండాల్సిందే.

1958లో ఏ.ఆర్.3 వచ్చింది. అందులో పై శబ్దాలకి కోన్ బదులు చిన్న గుమ్మటంలాంటి పొర పెట్టాడు. శబ్దం ఒకవైపే కాకుండా చుట్టుపక్కలకీ పరుచుకునేందుకు. 1967లో దాన్నింకా మెరుగుచేసి ఏ.ఆర్.3ఏ తెచ్చారు. ఆ కంపెనీ వాళ్లు చేసిన ఒక పని నాకెంత నచ్చుతుందో చెప్పలేను. ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే వయొలిన్ బృందాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, వాళ్ల పక్కనే స్పీకర్లు పెట్టేవారు. వాళ్లు వాయిస్తూ వాయిస్తూ మధ్యలో కమాను తీగకి తగలకుండా ఊరికే ఆడించేవారు. అదే పాట ముందే రికార్డు చేసింది స్పీకర్‌లోంచి అందుకునేది. ఎక్కడ మనుషులు ఆపారో, ఎక్కడ పెట్టె మొదలుపెట్టిందో సభలో కూర్చున్నవాళ్లకి పట్టుబడేది కాదు. స్పీకర్‌ని ఇంకో స్పీకర్‌తో పోల్చకుండా ఎదురుగా ఉన్న మనిషితో పోల్చడమంటే ఎంత ధైర్యం కావాలి! న్యూయార్కులో గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషన్లో కూడా ఒక గది తీసుకుని ఊరికే వినడానికి పెట్టారు. రైలుకి టైముంటే ఎవరైనా వెళ్లి కూర్చుని వినే వీలుండేది, కొనమని అడిగేవాళ్లు ఉండేవారు కాదు.

ఈ విల్చర్ గురించి ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను. కంపెనీ అమ్మేశాక ఆయన చెవిటివాళ్లకి పెట్టే వినికిడి యంత్రాల మీద పడ్డాడు. మెల్లటి శబ్దాన్ని ఎక్కువ పెంచి, గట్టి శబ్దాన్ని తక్కువ పెంచే పద్ధతి, అదీ శ్రుతిని బట్టి విడివిడిగా చేసేది, తయారుచేశాడు. దానికి పేటెంటు తీసుకోలేదు. 1973లో అచ్చువేసి ఎవరైనా వాడుకోండన్నాడు. మీ తాతమ్మ చెవిలో పెట్టుకునే ఆ బుల్లి యంత్రంలాంటివన్నీ ఆ దారిలో వచ్చినవే.

ఇప్పుడు నాకు ప్రాణంలాంటిది. ఇంగ్లండులో హంటింగ్‌డన్ అనే ఊళ్లో పీటర్ వాకర్ అని ఒకాయన. క్వాడ్ కంపెనీ ఆయనదే. అసలు కోనూ వద్దు, చుట్టా వద్దు, అయస్కాంతమూ వద్దు అన్నాడు. మీరు పొడి తలని ప్లాస్టిక్ దువ్వెనతో నాలుగుసార్లు దువ్వి, దువ్వెనని చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టండి. టపటపా ఎగిరి అంటుకుంటాయి. ఆ బలమే ఈ స్పీకర్‌ని నడిపిస్తుంది. చిల్లులున్న రెండు పలకల మధ్య, ఉల్లిపొర కన్నా సన్నటి ప్లాస్టిక్ పొర బిగించి, దానికి కొన్నివేల వోల్టుల విద్యుత్తు పట్టిస్తారు. పలకల మీదకి పాట రాగానే పొర అటూ ఇటూ ఊగుతుంది. పొర ఎంత తేలికంటే, అది కదిలించే గాలికి దానికీ బరువులో పెద్ద తేడా ఉండదు. కోన్ అయితే మధ్యలో తోస్తే అంచుల దాకా ఆ తోపు వెళ్లేసరికి ఎక్కడో ఒకచోట వణుకుతుంది. దీంట్లో పొర అంతటినీ ఒకేసారి తోస్తున్నాం కాబట్టి ఆ వణుకు లేదు. ఎక్కడ మొదలవ్వాలో అక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది.

1957లో అమ్మకానికి పెట్టారు. వంపు తిరిగిన ఇత్తడిరంగు జల్లెడ మూతతో, చలిదేశాల్లో గది వెచ్చబెట్టే యంత్రంలా ఉంటుంది చూడ్డానికి. వీణ వినాలి దాంట్లో. మీటిన క్షణంలో గోరు తీగని వదిలే చప్పుడు, ఆ తరవాత నాదం, ఆ నాదం సన్నబడుతూ సన్నబడుతూ పోయే తీరు, మూడూ మూడుగా తెలుస్తాయి. తంబురా అయితే చెప్పక్కర్లేదు. తంబురా అనేది స్పీకర్లకి పెద్ద పరీక్షర్రా. దాని నాదంలో బోలెడు ఉపస్వరాలుంటాయి. స్పీకర్‌కి ఎక్కడ సొంత వణుకున్నా అక్కడి ఉపస్వరం ఒక్కటీ పైకి పొడుచుకొస్తుంది. క్వాడ్‌లో నాదం చదునుగా నిలుస్తుంది. మరి వాకర్ వదులుకున్నదో? చాలానే. గట్టిగా పెడితే పొర దగ్గర నిప్పురవ్వలు పుట్టి చెడిపోయే ప్రమాదం ఉంది. బాగా కిందికి దిగే బేస్ లేదు. తల కాస్త పక్కకి జరిపితే పై శబ్దాలు పల్చబడతాయి. ఒక్కరు, ఒక్క కుర్చీ, మోస్తరు సౌండు.

ఆ లోటు పూడ్చడానికి 1963లో మొదలుపెట్టి 1981 దాకా కష్టపడ్డాడు వాకర్. అదీ ఇ.ఎస్.ఎల్.63. పొర ముందు విద్యుత్తు పలకల్ని గుండ్రటి వలయాలుగా కోశాడు. పాటని మధ్య వలయానికి ముందు ఇచ్చి, బయట వలయాలకి ఒకదాని తరవాత ఒకటి రవ్వంత ఆలస్యంగా ఇచ్చాడు. చెరువులో రాయి పడ్డ చోటునించి అలలు గుండ్రంగా విచ్చుకోవూ, అచ్చం అలాగే శబ్దం విచ్చుకుంటుంది. ఆ రాయి పడ్డ చోటు పొర వెనకాల ఒక అడుగు దూరంలో ఉన్నట్టు చెవికి తోస్తుంది. బల్లపరుపు పలక మీంచి గుండ్రటి అల రప్పించాడన్నమాట! పద్దెనిమిదేళ్లు ఒక్క పని మీద కూర్చున్నవాడికి దక్కే ఫలం అది.

క్వాడ్ పక్కన కూర్చోగలిగిన ఇంకో పెట్టె ఉంది. మీరు చూస్తే నవ్వుతారు, చెప్పుల అట్టపెట్టె కన్నా కాస్త పెద్దది. ఎత్తు అడుగు. పేరు ఎల్.ఎస్.3/5ఏ. దాన్ని తయారుచేసింది కంపెనీ కాదు, బి.బి.సి. రేడియో ఇంజనీర్లు. 1970లలో బయటికి వెళ్లి రికార్డు చేసే వ్యానుల్లో ఇరుకుచోట పెట్టుకోవడానికి చేసుకున్నారు. రోజర్స్, స్పెండార్‌లాంటి కంపెనీలు అనుమతి తీసుకుని చేసి అమ్మాయి. పల్చటి చెక్కపెట్టె, లోపల దాని మోత చంపే పట్టీలు, ట్వీటర్ చుట్టూ ఉన్ని గుడ్డ. బి.బి.సి. వాళ్లకి అన్నిటికన్నా ముఖ్యమైంది మనిషి మాట. పక్క స్టూడియోలో మనిషి మాట్లాడుతుంటే, ఆ మాటనే స్పీకర్‌లో విని, తలుపు తీసి మళ్లీ మనిషినే విని, తేడా ఎక్కడుందో వెతికేవారు.

మీరూ చెయ్యగలిగిన పరీక్ష అది. తెలుగువాళ్లకి ఇంకా తేలిక. అమ్మలూ, నువ్వు స, శ, ష ఉన్న మాటలు నాలుగు చదువు: సరస్సు, శంఖం, భాష, శేషం. వీటి గాలి చప్పుడు ఎక్కువగా సెకనుకి రెండు మూడు వేల ఊపులనించి ఎనిమిది వేల దాకా పరుచుకుని ఉంటుంది, స పైన, ష దానికి కింద. సరిగ్గా ఆ మేరలోనే చాలా స్పీకర్లలో వూఫర్ ఆపేసి ట్వీటర్ అందుకుంటుంది. అతుకు సరిగా లేకపోతే మూడూ ఒకేలా బుసకొడతాయి. మంచి స్పీకర్లో కళ్లు మూసుకున్నా నాలిక ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. ఎల్.ఎస్.3/5ఏ ఈ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంటుంది. కానీ హాఫ్‌మన్ నియమం దీన్నీ వదల్లేదు. అట్టడుగు బేస్ లేనేలేదు. దాని పైనున్న బేస్‌ని ఒక చిటికెడు పెంచి ఉన్నట్టు భ్రమ కల్పిస్తారు. ఒక్క వాటుకి 82, 83 డెసిబెల్సే. క్లిప్ష్‌హార్న్ ఒక్క వాటుతో మోగినంత దీన్ని మోగించాలంటే నూరు వాట్లు దాటాలి. అంత పోస్తే ఇది కాలిపోతుంది పాపం.

సుప్రీంకోర్టు కథ అడుగుతున్నారు కదూ. అమర్ బోస్ పేరు విన్నారా? వాళ్ల నాన్న బెంగాలీ, స్వాతంత్య్ర పోరాటంలో ఉండి తెల్లవాళ్ల బారినించి తప్పించుకుని అమెరికా చేరాడు. కొడుకు ఎం.ఐ.టి.లో ప్రొఫెసరయ్యాడు. కచేరీ హాల్లో మన చెవికి వచ్చే శబ్దంలో చాలా భాగం గోడలకి తగిలి వచ్చేదే అని ఆయన గమనించాడు. 1968లో బోస్ 901 తెచ్చాడు. తొమ్మిది చిన్న స్పీకర్లు. ఒక్కటే మనవైపు, మిగిలిన ఎనిమిదీ గోడవైపు! గది నిండిపోతుంది ఆ శబ్దంతో. 1970లో ఒక వినియోగదారుల పత్రిక దాన్ని పరీక్షించి, వాయిద్యాలు ఉండాల్సిన దానికన్నా పెద్దవైపోయి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నట్టు వినిపిస్తున్నాయని రాసింది. బోస్‌కి కోపం వచ్చింది. దావా వేశాడు. కోర్టులో వాదన ఎంత దూరం వెళ్లిందంటే, వాయిద్యం తిరిగింది గదంతా అనా, లేక రెండు స్పీకర్ల మధ్య గోడ వెంబడా అని! కింది కోర్టులో బోస్ గెలిచాడు, పై కోర్టులో ఓడాడు, 1984లో సుప్రీంకోర్టు కూడా పత్రిక పక్షానే చెప్పింది. వయొలిన్ ఎక్కడ కూర్చుందో తేల్చడానికి అంతమంది న్యాయమూర్తులు కూర్చున్నారు. నా లెక్కలో బోస్ ఆలోచన గొప్పది. ఫలితం మాత్రం ఆ పత్రిక రాసినట్టే ఉంటుంది. కచేరీ హాలు గోడ మనకి చాలా దూరంలో ఉంటుంది, దాని ప్రతిధ్వని ఆలస్యంగా వస్తుంది. మన ఇంటి గోడ స్పీకర్ వెనకే ఉంది. రెండూ ఒకటి కావు.

ఇంకా ఉన్నాయి. జె.బి.ఎల్. వాళ్ల ఎల్100, 1970ది, అదే కంపెనీ స్టూడియోలకి చేసిన పెట్టె ఇంటి వేషంలో. చురుగ్గా, ముందుకు దూకినట్టు పాడుతుంది. హుషారైన పాటకి బాగుంటుంది, గంటసేపు వింటే చెవి అలుస్తుంది. జపాన్ యమహా ఎన్ఎస్1000 1974లో వచ్చింది, దాని పై శబ్దాల పొరలు బెరీలియం లోహం. ఇనుము కన్నా బాగా తేలిక, కానీ బిరుసు. ఆ పొర పగిలితే మాత్రం ముట్టుకోకూడదు, దాని పొడి ఊపిరితిత్తులకి విషం. టానాయ్ వాళ్లు 1947లోనే వూఫర్ నడిబొడ్డున ట్వీటర్ కూర్చోబెట్టారు, రెండు శబ్దాలూ ఒకే చోటునించి వచ్చేలా.

వీటన్నిటినీ వరసలో పెట్టాలంటే ఒక న్యాయమైన పద్ధతి కావాలి. ఆ పద్ధతికి ప్రాణం పోసినాయన ఫ్లాయిడ్ టూల్. కెనడా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్‌లో ఏళ్ల తరబడి స్పీకర్లని తెర వెనక పెట్టి, సౌండు సమానం చేసి మనుషులకి వినిపించాడు. అందరి రుచీ వేరు కదా, ఫలితాలు తలో రకంగా వస్తాయనుకుంటాం. రాలేదర్రా! వినికిడి బాగున్నవాళ్లు చాలావరకు ఒకే స్పీకర్లని మెచ్చుకున్నారు. అన్ని శ్రుతుల్నీ సమంగా పలికేవి, ఎదురుగానే కాకుండా పక్కలకి కూడా అదే తీరున పలికేవి. ఒక జత కన్నా ఒంటి స్పీకర్‌ని విన్నప్పుడే దోషాలు బాగా పట్టుబడతాయని కూడా తేల్చాడు. ఆయనతో పనిచేసిన షాన్ ఆలివ్ 1994లో ఇంకొకటి చేశాడు. అవే స్పీకర్లని ఒకసారి తెరవేసి, ఒకసారి తెరతీసి మార్కులు వేయించాడు. తెరతీయగానే పెద్ద, ఖరీదైన పెట్టెలకి మార్కులు పెరిగాయి, చిన్న చౌకదానికి పడిపోయాయి. చూసినవాళ్లు అబద్ధమాడలేదు. కన్ను ముందే తీర్పు చెప్పేసింది, చెవి ఒప్పుకుంది. గదిలో చోటు మారితే కూడా బేస్ మారిపోతుంది. స్నానాల గదిలో కూనిరాగం తీస్తే ఒక శ్రుతి దగ్గర గొంతు ఉబ్బుతుంది చూడండి, ప్రతి గదికీ అలాంటి శ్రుతులుంటాయి. 5 మీటర్ల గదికి మొదటిది సెకనుకి 34 ఊపుల దగ్గర. అందుకే వాళ్లు తెర వెనక స్పీకర్లని మార్చి మార్చి ఒకే చోట నిలబెట్టే యంత్రం కూడా కట్టుకున్నారు.

పాత స్పీకర్లకి ఇంకో సంగతి, వయసు. 1970లలో చాలా కంపెనీలు కోన్ అంచులకి నురగ రబ్బరు వాడాయి. పదిహేను, ఇరవయ్యేళ్లకి అది పొడైపోతుంది. మన కోస్తా తేమలో ఇంకా ముందే. అంచు పోయిన వూఫర్ గరగరలాడుతుంది. లోపలి కెపాసిటర్లు ఎండిపోతే ట్వీటర్ గొంతు మారుతుంది. అప్పుడు మీరు వింటున్నది విల్చర్ చేసిన పెట్టె కాదు, దాని జబ్బు. ఏ.ఆర్.3ఏ మొదటి బ్యాచీల్లో గుడ్డ అంచులు, తరవాతివాటిలో నురగ. ఎల్.ఎస్.3/5ఏ వూఫర్‌కి రబ్బరు అంచు, చక్కగా నిలుస్తుంది. ఎవరైనా పాత స్పీకర్ల గురించి తీర్పు చెబితే, అంచులు ఎప్పుడు మార్పించారని ముందు అడగండి.

నా వరస అడుగుతున్నారు. చెబుతాను. నాకు మనిషి గొంతే కొలబద్ద. ఘంటసాల గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టు ఉందా లేదా, అంతే. ఆ లెక్కన మొదటిది క్వాడ్, రెండింట్లో ఇ.ఎస్.ఎల్.63. దాని వెనక జానెడు దూరంలో ఎల్.ఎస్.3/5ఏ. ఈ రెంటికీ బేస్ తక్కువే, కానీ మగ గొంతు కూడా సెకనుకి 80 ఊపులకి కింద పెద్దగా దిగదు, కాబట్టి గొంతుకి కావలసింది దొరుకుతుంది. మూడోది ఏ.ఆర్.3ఏ. నాలుగు క్లిప్ష్‌హార్న్, దాని తరవాత యమహా, ఆ తరవాత ఎల్100, చివర 901.

చిన్నోడు మొహం మాడ్చుకున్నాడు. క్లిప్ష్‌హార్న్ నాలుగో చోట ఎందుకంటాడు. నాదస్వరం, డోలు మన పక్కనే మోగితే చెవులు గింగురుమంటాయి కదా, క్వాడ్ అంత గట్టిగా మోగితే తగలబడదా అంటాడు. సరైన ప్రశ్న. షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరం దాని అసలు బలంతో, పక్కన డోలు దెబ్బతో సహా ఇంట్లో వినాలంటే క్వాడ్ చేతకాదు, ఎల్.ఎస్.3/5ఏ అసలే కాదు. అక్కడ క్లిప్ష్‌హార్నే మొదటిది, దానికి దరిదాపుల్లో ఇంకోటి లేదు. పలకమీద రెండు వరసలు గీయండి, ఒకటి గొంతుకి, ఒకటి మేళానికి. చిన్నోడూ, రెండో వరసలో క్లిప్ష్ పేరు నువ్వే రాయి.